తొమ్మిదో గూటి ఆలస్యం

మొదటి రోజు

పోటీ నడిచినన్నాళ్లూ నిర్వాహకురాలు లాగ్‌బుక్ రాయాలన్నది పదకొండో నియమం. ఆ నియమం పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి లేదు.

నా పేరు సౌదామిని. మూడో గూట్లో నీటి శుద్ధి యంత్రాల దగ్గర ఫిట్టర్‌ని. ఏడాదిలో పదిహేను రోజులు మాత్రం పన్నెండు గూళ్లకీ కలిపి జరిగే కుండపోత పోటీకి నిర్వాహకురాలిని. ఈ పదిహేను రోజుల్లో నేను పడే మాటలు మిగతా ఏడాదంతా పడను.

ఆట చాలా తేలిక. తెరమీద ఒక డాబా, ఇద్దరు ఆటగాళ్లు, చెరో కుండ. వాన ఎప్పుడు ఏ మూల పడుతుందో తెలియదు. పరుగెత్తి పట్టుకోవాలి, ఎవరి కుండ ముందు నిండితే వాళ్లది గెలుపు. అంతరిక్షంలో ఒక మంచుబండ చుట్టూ తిరుగుతూ మనుషులుండే ఈ పన్నెండు గూళ్లలో వానని కళ్లారా చూసిన మనిషి ఒక్కరూ లేరు. అయినా వాన ఇలా పడదు, అలా పడుతుందని కొట్టుకు చచ్చేవాళ్లు మాత్రం ప్రతి గూట్లోనూ ఉన్నారు.

పొద్దుట అందరి ఆలస్యం కొలిచాను. ఆటగాడు మీట నొక్కితే ఆ కబురు నా యంత్రానికి వచ్చి తిరిగి అతన్ని చేరడానికి పట్టే సమయమే ఆలస్యం. దూరపు గూటికి ఎక్కువ, దగ్గరి గూటికి తక్కువ. ఈసారి అందరికన్నా ఎక్కువ తొమ్మిదో గూటిది, నలభై మిల్లీ సెకన్లు. అందరినీ ఆ నలభైకే తెచ్చాను. నెమ్మదివాళ్ల కోసం వేగంవాళ్లు ఆగాలి, అది మా పద్ధతి.

ఒక్క ఆటలోనే కాదు, ఫోన్లలోనూ అంతే. మా తాతల కాలంలో దగ్గరి గూళ్లవాళ్లంతా ఒకటై దూరపు గూళ్లని చిన్నచూపు చూశారట. పెద్ద గొడవే అయింది. అప్పటినుంచి ప్రతి ఫోనుకీ సమం పెట్టె ఉంటుంది. ఎక్కడినుంచి మాట్లాడినా మాట సరిగ్గా ఒక్క సెకనుకే చేరుతుంది. మాలో దగ్గరివాళ్లూ లేరు, దూరపువాళ్లూ లేరని పిల్లల చేత బళ్లో రోజూ చెప్పిస్తాం. అసలు ఆలస్యాన్ని కొలిచేది ఏడాదికోసారి నేనొక్కదాన్నే, అదీ ఈ పోటీ కోసం.

రెండో రోజు

మొదటి ఆటలు అయ్యాయి. తొమ్మిదో గూటి వంటమనిషి తవిటమ్మ, అరవై ఒక్కేళ్ల మనిషి, పదహారేళ్ల ఆటగాడి కుండ సగం కూడా నిండకుండా గెలిచేసింది. ఇది వరసగా నాలుగో ఏడు. ఆటలోకి ఎప్పుడొచ్చినా ఆవిడ చేతికి పోపు అంటుకునే ఉంటుంది, మీటలు తుడవలేక వాళ్ల గూటివాళ్లు ఏడుస్తారు.

తొమ్మిదో గూటి ఆలస్యం నలభై నాలుగు చూపించింది. యాంటెన్నా సర్దుకోమని కబురు పెట్టి అందరినీ నలభై నాలుగుకి తెచ్చాను.

నాలుగో రోజు

యాభై ఎనిమిది!

పొద్దుటినుంచి ఫోను మోగుతూనే ఉంది. అందరికంటే ముందు చేసింది ఐదో గూటి కొమురయ్య. బాగా ఆడతాడు, అంతకన్నా బాగా అరుస్తాడు.

"అక్కా, గిదేం ఆట? మీట నొక్కి నేను చాయ తాగొచ్చినంక కుండ కదుల్తున్నది. ఒక్కామె కోసం పదకొండు గూళ్లు ఆగాల్నా?"

"ఆగాలి, అది నియమం," అన్నాను.

"నియమమే. గని ఆమెకు అరవై దాటినయ్. ఆట ఎంత మెల్లగైతె ఆమె చేతులకు అంత లాభం. జర ఆలోచించు."

ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ ఒళ్లు మండింది. దీన్ని మాలో మెలిక పెట్టడం అంటారు. యాంటెన్నాకీ యంత్రానికీ మధ్య చిన్న పెట్టె బిగించి కావాలని కబురుని ఆలస్యం చేస్తారు. సమం చేసే పద్ధతి ఉంది కాబట్టి ఒకరు నెమ్మదిస్తే అందరూ నెమ్మదించాల్సిందే. మూడేళ్లనాడు ఏడో గూటివాళ్లు ఇదే పని చేసి నా చేతికి చిక్కారు. తవిటమ్మ అలాంటిది కాదనుకున్నాను. అరవై ఏళ్లొచ్చాక ఇదేం బుద్ధి అనిపించింది.

ఫోన్ చేసి రెండు రోజులు సస్పెండ్ చేశానని చెప్పాను. ఈలోగా వాళ్ల ఎలక్ట్రీషియన్ లైనంతా వెతికి రాతపూర్వకంగా ఇవ్వాలన్నాను.

"ఏటమ్మీ, నాను మెలికెట్టినానంతావా?" అంది తవిటమ్మ. అరవలేదు. "నాకు పప్పులో ఉప్పెయ్యడం తెలుసు గానీ ఈ మెలికలేటో నాకు తెల్దు. సరే, నీ నియమం నీది. పొయ్యి మీద అన్నం ఉంది, పెట్టెయ్యి."

పెట్టేశాను. తప్పు చేసినవాళ్లే అంత నిమ్మళంగా ఉంటారని అప్పుడు అనుకున్నాను.

ఐదో రోజు

తొమ్మిదో గూడు లేకపోయేసరికి అందరి ఆలస్యం ముప్పై ఒకటికి దిగింది. ఆటలు చకచకా సాగాయి. ఒక్క ఫిర్యాదు లేదు. కొమురయ్య ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాను.

ఆరో రోజు

తొమ్మిదో గూటి ఎలక్ట్రీషియన్ కాగితం పంపాడు. అడుగడుగునా వెతికాడట. పెట్టె లేదు, మెలిక లేదు, లైను శుభ్రంగా ఉంది. నమ్మకపోతే వచ్చి చూసుకోమని కింద కాస్త వెటకారం కూడా రాశాడు.

సస్పెన్షన్ ఎత్తేసి మళ్లీ కొలిచాను. ఎనభై. యంత్రం చెడిందనుకుని ఇంకో యంత్రంతో కొలిచాను. అదీ ఎనభయ్యే అంది.

నాకేం అర్థం కాలేదు. మెలిక పెట్టినవాళ్లు దొరికిపోయాక తీసేస్తారు గానీ ఇంకాస్త బిగించరు కదా! పైగా ఈ రెండు రోజులూ ఆ లైను ముట్టుకున్నవాడు ఎలక్ట్రీషియన్ ఒక్కడే.

ఏడో రోజు

వాళ్ల యంత్రం మార్పించాను. గది మార్పించాను. యాంటెన్నా కూడా మార్పించాను. తొంభై నాలుగు.

మిగతా గూళ్ల అంకెలన్నీ మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ఒక్క మిల్లీ అటూ ఇటూ లేదు. అందరూ నా మీద అరుస్తున్నారు. నేను మా ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నాను.

ఎనిమిదో రోజు

తొందరలో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తే క్షమించాలి.

పొద్దుట కొలత నూట పది. అంకెలన్నీ ఒక కాగితం మీద వరసగా వేసి చూశాను. పెరగడమే కాదు, రోజుకి పెరిగేది కూడా పెరుగుతోంది, అదీ ఎక్కడా తడబడకుండా. మనుషులు మోసం చేస్తే ఇంత పద్ధతిగా చెయ్యరు. ఒకరోజు ఎక్కువ చేస్తారు, ఒకరోజు భయపడి తగ్గిస్తారు. ఇది మనిషి పని కాదు.

తవిటమ్మకి ఫోన్ చేశాను. కొత్తగా ఏమైనా మారిందా, ఎంత చిన్నదైనా సరే చెప్పమన్నాను.

"మారడానికేటుంటాది? నా గరిటెలొక్కటే మాట ఇన్డం లేదు."

"గరిటెలేంటి?"

"గాల్లో వదిలితే వదిలినకాడ ఉండాలి కదేటి. మన గూళ్లలో బరువేటి లేదు కదా. పది రోజులై, ఏది వదిలినా మెల్లిగా తూర్పు గోడకే పోయి అంటుకుంతంది. గరిటె, మూత, ఉల్లిపాయ, అన్నీనూ. ఫ్యాను గాలేమోనని ఆపించినాను. ఫ్యానాగినా అంతే. మీ గూళ్లున్నది ఆ తూర్పు దిక్కే గదా, మీకాడికి వచ్చేద్దామని సూస్తన్నట్టున్నాయి."

అని నవ్వింది. నేను నవ్వలేదు. నీటి గొట్టాలతో ఇరవై ఏళ్లు బతికిన దాన్ని, వెంటనే అర్థమైంది. గదిలో వస్తువులన్నీ ఒకే గోడకి చేరుతున్నాయంటే వస్తువులు కదలడం లేదు. గోడ కదులుతోంది. గది కదులుతోంది.

ఆలస్యం అంటే దూరమే. ఒక మిల్లీకి నూట యాభై కిలోమీటర్లు. నలభై నుంచి నూట పది. వేళ్ల మీద లెక్కపెట్టి, నమ్మలేక కాగితం మీద వేశాను. పదివేల ఐదువందల కిలోమీటర్లు.

రెండువందల పద్నాలుగు మంది ఉన్న గూడు కక్ష్య తప్పి వెళ్లిపోతోంది. వెళ్లిపోతూ నాతో ఉల్లిపాయల గురించి మాట్లాడుతోంది. సమం పెట్టె పుణ్యమా అని ఆవిడ గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టే ఉంది.

దారి ఆఫీసుకి ఫోన్ చేశాను. గూళ్లు ఏవి ఎక్కడున్నాయో చూసే ఆఫీసు అది. అధికారి పరాంకుశం గారు చాలా మర్యాదస్తులు.

"అమ్మా, మా పటంలో తొమ్మిదో గూడు ఉండవలసిన చోటే ఉందండి. ఇప్పుడే చూశాను."

"గూటిని ఎప్పుడు చూశారండీ?"

"పటం రోజూ చూస్తామమ్మా."

"పటం కాదండీ. గూడు."

అసలు సంగతి అప్పుడు చెప్పారు. పటం కాలపట్టిక చూసి గీస్తారట. ఫలానా గంటకి ఫలానా గూడు ఫలానా చోట ఉండాలి కాబట్టి అక్కడ చుక్క పెడతారు. దుర్భిణి తిప్పి చూసేది మూడు నెలలకోసారి. ఆయన ఫోను పెట్టకుండానే దుర్భిణి తిప్పించారు. గొట్టంలోంచి గాలి పోయినట్టు ఏదో శబ్దం వినిపించింది, అది ఆయన నిట్టూర్పు.

"అమ్మా, అక్కడ ఏమీ లేదండి," అన్నారు.

ఎనిమిదో రోజు, మళ్లీ

సంగతి తేలింది. ప్రతి గూటికీ వాడేసిన ఆవిరి వదిలే గొట్టాలు రెండుంటాయి, చెరో వైపు ఒకటి. రెండూ సమానంగా వదిలితే గూడు కదలదు. తొమ్మిదో గూట్లో ఒక గొట్టంలో మంచు బిగుసుకుని దారి మూసుకుపోయింది. ఆవిరంతా రెండో గొట్టంలోంచే పోతూ పది రోజులుగా గూటిని నెట్టేస్తోంది. ఇప్పుడు ఆ రెండోదాన్నీ మూసేశారు.

"ఇంక ఆగిపోతుంది కదండీ?" అన్నాను పరాంకుశం గారితో.

"నెట్టడం ఆగుతుందమ్మా. వెళ్లడం ఆగదు. అక్కడ అడ్డుకునేదేముంది?"

ఇక రోజుకి పదిహేడు మిల్లీల చొప్పున పోతూనే ఉంటుంది. లాగుడు పడవ ఒక్కటే ఉంది. ఆలస్యం రెండువందలు దాటేలోగా అది గూటిని పట్టుకోవాలి. దాటితే పడవ వెళ్లగలదు గానీ గూటిని లాక్కుని రావడానికి ఇంధనం చాలదు. పడవలో పట్టేది తొమ్మిది మంది. మిగతావాళ్లంతా గూటితోనే పోతారు.

ఇంకో మాట కూడా చెప్పారు. నాలుగో రోజే తెలిసి ఉంటే ఒక్క రోజులో అయిపోయే పనట.

నాలుగో రోజున నాకు తెలిసింది. అంకె నా కళ్లముందే ఉంది. నేను దాన్ని చూసి ఒక ముసలిదాన్ని దొంగని చేశాను. సస్పెండ్ చేసి, కడుపునిండా తిని పడుకున్నాను. ఇది ఈ పుస్తకంలోంచి ఎవరూ చింపకూడదు.

తవిటమ్మకి నేనే చెప్పాను. గూడు పోతోందని చెప్పాను, నా తప్పూ చెప్పాను. ఫోనులో మామూలు ఒక్క సెకను గడిచింది. ఆ తర్వాత పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది.

"మావోళ్లకి నాను సెప్తాను," అంది చివరికి. "నువ్వు ఏడవకు. ఏడిస్తే అంకెలు కనబడవు. ఏటి సెయ్యాలో సెప్పు."

చెయ్యాల్సింది ఇది. పడవకి దారి చూపాలంటే గూడు ఎంత దూరంలో ఉందో క్షణక్షణం తెలియాలి. ఫోన్లన్నిటికీ సమం పెట్టెలు లోపలే అతికించి ఉన్నాయి, విప్పడానికి నెల పడుతుంది. అసలు ఆలస్యం తెలిసే లైను మొత్తం పన్నెండు గూళ్లకీ ఒక్కటే, నా పోటీ లైను. అది కూడా ఆట నడుస్తున్నంతసేపే కొలుస్తుంది. మీటలు నొక్కుతూ ఉండాలి, వాన పడుతూ ఉండాలి, కుండలు నిండుతూ ఉండాలి.

అంటే పడవ చేరేదాకా ఆట ఆగకూడదు.

తొమ్మిదో రోజు

పడవ బయలుదేరింది. కొలత నూట ఇరవై ఏడు.

తవిటమ్మతో మొదట ఎవరు ఆడతారని పదకొండు గూళ్లనీ అడిగాను. నా మాట పూర్తి కాకుండానే కొమురయ్య అందుకున్నాడు.

"నేనాడ్త అక్కా. ఆలస్యం ఎంత పెరిగినా ఇంకేమనను. తగ్గేదాక ఆడ్త." మళ్లీ తనే అన్నాడు. "ఆమెను ఎల్లగొట్టుమని నీ చెవిలేసింది నేనే గదా."

ఇద్దరూ పద్నాలుగు గంటలు ఆడారు. తవిటమ్మ వేళ్లు వాచిపోయాయి. గూటికి ఒక్క ఆటగాడే అన్నది మూడో నియమం, గడువు దాటాక పేరు తీసుకోకూడదన్నది నాలుగో నియమం. ఇన్నేళ్లలో గడువు దాటాక పుట్టి మునిగిపోయినా ఒక్క పేరు రాసుకోలేదు నేను. ఇవాళ తొమ్మిదో గూటివాళ్ల పేర్లన్నీ రాసుకున్నాను, ఇంకా మాటలు రాని నలుగురిని తప్ప. రెండువందల పది మంది. అందరికన్నా చిన్నదానికి ఆరేళ్లు, అందరికన్నా పెద్దాయనకి ఎనభై ఎనిమిది. ఆయనకి చూపు సరిగా ఆనదు. వాన ఎటు పడుతోందో పక్కనుంచి మనవరాలు చెబుతుంటే నొక్కుతాడు.

పదకొండో రోజు

నూట అరవై ఒకటి.

మధ్యాహ్నం తెర చటుక్కున నల్లబడింది. తొమ్మిదో గూటి వైపు నుంచి ఏమీ రాలేదు. పడవలోవాళ్లు అంకె చెప్పమని అడుగుతున్నారు, నా దగ్గర అంకె లేదు. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో నేనేం చేశానో నాకు గుర్తు లేదు, తెర అంచు పట్టుకునే ఉన్నానని మావాళ్లు అన్నారు.

మళ్లీ వెలిగాక తెలిసింది. కరెంటు చాలక వాళ్ల గూటిపెద్ద ఆటగదికి సరఫరా ఆపేశాడట. తవిటమ్మ వెళ్లి తన వంటగదికి వచ్చే కరెంటు తీసి ఆటగదికి ఇప్పించింది.

"మరి వంటో?" అన్నాను.

"నానబెట్టిన అటుకులు తింతన్నారు. నా సేతి వంట తినకపోతే సచ్చిపోరు గానీ ఈ ఆట ఆగితే సచ్చిపోతారు. నువ్వు కొలువు."

పదమూడో రోజు

పొద్దుట నూట తొంభై ఐదు. పడవకి ఇంకా గూడు కనబడలేదు. ఇప్పుడు కుండ తవిటమ్మ చేతిలోనే ఉంది, ఎదర కొమురయ్య. ఇదే ఫైనల్ అనుకుందామన్నారిద్దరూ.

నూట తొంభై ఆరు. నేను చదువుతున్నాను, పడవలోవాళ్లు అటు తిరుగుతున్నారు. ఒకసారి కనబడిందన్నారు, కాదు అది చుక్కన్నారు.

నూట తొంభై ఏడు. మా గూట్లో ఎవరూ పనికి పోలేదు. నా వెనకాల జనం ఊపిరి వినబడుతోంది.

నూట తొంభై ఎనిమిది. కనబడిందన్నారు. ఈసారి కాదనలేదు. పట్టుకుంటున్నామన్నారు. ఆ తర్వాత పడవనుంచి మాట లేదు.

నూట తొంభై తొమ్మిది.

పట్టుకున్నారా లేదా? అంకె పెరుగుతూనే ఉంది. పట్టుకున్నా కొంతకాలం పెరుగుతూనే ఉంటుందని పరాంకుశం గారు ముందే చెప్పారు. కాబట్టి నా యంత్రం నాకేమీ చెప్పదు. అప్పుడే తెరమీద తవిటమ్మ కుండ ఆగిపోయింది. వాన ఒక మూల పడుతోంది, కుండ ఇంకో మూల కదలకుండా ఉంది. కొమురయ్య కుండ నిండుతోంది.

"తవిటమ్మా! మీట నొక్కు! ఏమైంది?" అని ఫోనులో అరిచాను.

"ఉండమ్మీ, అరవకు. గరిటె వదిలినాను. సూస్తన్నాను."

ఒక సెకను. ఇంకో సెకను. నా వెనకాల ఎవరో ఏడుపు ఆపుకుంటున్నారు.

"పడమటి గోడకి పోతంది," అంది తవిటమ్మ. తర్వాత ఒక్క కేక పెట్టింది. "అమ్మీ, నా గరిటె పడమటి గోడకి పోతంది!"

పదిహేడో రోజు

పోటీ ఫలితాలు రాసి పుస్తకం మూయాలి.

విజేత: ఐదో గూటి కొమురయ్య. ఈ గెలుపు తనకొద్దని గోల చేశాడు. తవిటమ్మ ఒప్పుకోలేదు. కుండ వదిలేసినవాళ్లు ఓడినట్టేనని ఆరో నియమం ఉంది కదా, నీ నియమం నువ్వే మీరతావా అని నన్నే నిలదీసింది. అందుకని రాశాను.

తొమ్మిదో గూటి ఆటగత్తె మీద నాలుగో రోజు విధించిన సస్పెన్షన్ తప్పు. దాన్ని కొట్టేస్తున్నాను. నిర్వాహకురాలిని రెండేళ్లు సస్పెండ్ చేయమని కోరుతున్నాను. ఫిర్యాదు చేసింది నిర్వాహకురాలే.

పోటీ అయిపోయినా తొమ్మిదో గూటివాళ్లు వంతులవారీగా ఆడుతూనే ఉన్నారు. ఆపమని నేను చెప్పలేదు. పన్నెండు గూళ్లలోనూ జనం పనికి పోతూ, పనినుంచి వస్తూ ఆగి అంకె చూసి పోతున్నారు. ఎవరు ఎంత దూరమో మా బళ్లో ఎన్నడూ చెప్పనిది, ఇప్పుడు దాన్ని పిల్లలే గోడ మీద పెద్దక్షరాలతో రోజూ రాస్తున్నారు.

నిన్నటి కొలత రెండువందల ముప్పై రెండు.

ఇవాళ్టి కొలత రెండువందల ముప్పై ఒకటి.